ఎవరిని చూసి నడిచింది

ఆ ఇంట్లో నడక నేర్చుకోవాల్సినవాళ్ళు ఇద్దరుండేవారు. ఒకరికి ఏడాది దాటింది, ఇంకొకరికి అరవై అయిదు దాటాయి. చిన్నది మనవరాలు. పెద్దాయన దాని తాత, పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయినవాడు. ఇద్దరినీ లేపడం, కడగడం, తినిపించడం అమ్మమ్మ వంతు. కూతురూ అల్లుడూ పొద్దున్నే పాపను ఆవిడ చేతుల్లో పెట్టి పనులకు పోయి, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవారు.

ఏ వయసు ముచ్చట ఆ వయసుకే అంటారు. ఈవిడ ముచ్చట కాస్త ఆలస్యంగా వచ్చింది. కూతురి పెళ్ళయ్యాక, యాభై దాటాక, డ్రైవింగ్ నేర్చుకుని స్కూలు వ్యాను నడిపింది. మొదట మూతి విరిచినవాళ్ళే తర్వాత తమ పిల్లల్ని ఏరికోరి ఆ వ్యానే ఎక్కించారు. పిల్లలు ఆవిడకు వ్యానమ్మ అని పేరు పెట్టారు. అప్పటిదాకా ఒకరి కూతురు, ఒకరి పెళ్ళాం, ఒకరి తల్లి. తన పనిని బట్టి తనకో పేరు రావడం అదే మొదలు. ఆ పేరంటే ఆవిడకు ప్రాణం.

ఆయన మంచం పట్టాక వ్యాను ఆగింది. వ్యాను యజమాని మంచివాడు కాబట్టి, సెలవులయ్యేదాకా ఎలాగోలా సర్దుకుంటానన్నాడు. వ్యాయామం చేయించడానికి వచ్చినతను కూడా కాలికి బలం వస్తోంది, ఇంకాస్త కష్టపడితే నడుస్తారన్నాడు. ఈయన అమ్మో అయ్యో అని అతణ్ణి మానిపించేదాకా ఊరుకోలేదు. ఇక ఎత్తి కూర్చోబెట్టడం, భుజాన మోసి స్నానాల గదికి చేర్చడం, మళ్ళీ తెచ్చి పడుకోబెట్టడం, అన్నీ ఆవిడే. ఒళ్ళు హూనమైపోయేది.

బడులు తెరిచే ముందు యజమాని ఫోను చేసి, వస్తారో రారో తేల్చెయ్యమన్నాడు. ఆవిడ మంచం వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. రాలేనని చెప్పి, వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది. ఏడుపు వినపడితే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడని ఆ కుళాయి. పిచ్చి మాలోకం! వ్యాను తాళాలు వేరే మనిషి చేతికి పోయాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పాప గోడ వదిలి అడుగులేసింది. సంబరపడే లోపే అందరి గుండె గుభేలుమంది. పిల్ల ఎడమకాలు ఈడుస్తోంది. ప్రతి అడుగుకీ ఒక పక్కకి ఒరుగుతోంది. కూతురు హడలిపోయి, పాపను ఎప్పుడైనా కింద పడేశావా అని తల్లిని నిలదీసింది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు తీయించి, కాలు తిప్పి, మడిచి చూశాడు.

"కాలు బంగారంలా ఉందమ్మా. ఈ వయసులో చూసిందే చేస్తారు. ఇంట్లో ఇలా నడిచేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

ఎవరూ లేరని కూతురు చెప్పింది. నాన్నకి కాలు పడిపోయింది కానీ ఆయన అసలు మంచమే దిగరు అంది. అమ్మమ్మ మాత్రం పాప ఎడమకాలి వైపే చూసింది. దారంతా పాపను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

రోజూ మధ్యాహ్నం ఇద్దరికీ తినిపించాక ఆవిడ చాప మీద వాలితే చచ్చినట్టు నిద్రపోయేది. మర్నాడు వాలింది కానీ నిద్రపోలేదు. కాసేపటికి మంచం కిర్రుమంది. రెప్పల సందులోంచి చూస్తే, పొద్దున తను రొప్పుతూ మోసిన మనిషి తనంతట తనే లేచాడు. పాపకు రెండు వేళ్ళందించి, కాలు ఈడ్చుకుంటూ కిటికీ దాకా నడిపించాడు.

"చప్పుడు చెయ్యకే తల్లీ, అమ్మమ్మ లేస్తుంది," అన్నాడు గుసగుసగా.

ఆవిడ లేచి కూర్చుంది. ఆయన తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇంత మోసపోయానని ఎన్నడూ అనిపించలేదు.

"ఆ రోజు నేను ఫోనులో రానని చెప్పినప్పుడు, మీరు నడుస్తున్నారా?"

ఆయన తల దించుకున్నాడు. "నడుస్తున్నానంటే నువ్వు మళ్ళీ వ్యాను ఎక్కేస్తావు. పగలంతా ఒక్కణ్ణే ఉండాలంటే భయమేసింది."

"ఆ మాట చెప్పుంటే ఉండేదాన్ని," అంది. "భయంగా ఉంది, ఉండవే అని ఒక్కసారి అడిగుంటే, నా అంతట నేనే మానేసేదాన్ని. మీరు అడగలేదు. ఎత్తించుకున్నారు."

ఆయన నసుగుతూ చెప్పుకొచ్చాడు. తనను చిన్నపిల్లాడిలా చూసుకుంటుంటే బాగుందని, ఇలా ఎవరూ ఎన్నడూ చూడలేదని. పసిపిల్ల అబద్ధమాడదు, ఇవి పెద్దవాళ్ళ తెలివితేటలని ఆవిడ తెగేసి చెప్పింది. ఇకమీదట ఆయన్ని తాను ముట్టుకోనంది. స్నానాల గదికి దారి ఆయనకు తెలుసు.

పాపను చంకనేసుకుని వీధిలోకి వచ్చేసింది. పోయిన వ్యాను ఎలాగూ తిరిగి రాదు. కనీసం ఈ పిల్ల నడకైనా బాగుపడాలి. మెట్టు దగ్గర దింపి, "నన్ను చూడు తల్లీ. నాలా నడు," అని తాను ముందు నడిచింది.

నాలుగు ఇళ్ళు దాటి వెనక్కి చూసింది. పాప ఇప్పుడు కాలు ఈడ్వడం లేదు. రెండు కాళ్ళూ చక్కగా పడుతున్నాయి. కానీ ముందుకు వంగిపోయి, ఒక చెయ్యి నడుము మీద వేసుకుని, అడుగడుక్కీ ఆయాసంగా మూలుగుతూ వస్తోంది.

ఆవిడ నడుం మీది తన చెయ్యి తీసేసింది. నిటారుగా నిలబడదామని చూసింది. నడుము లేవలేదు.