గేటు దాకా వచ్చిన అక్క

పొద్దున్నే తాళం తీసి, టేపు భుజాన వేసుకుని, రికార్డమ్మ శ్మశానమంతా ఒక చుట్టు తిరిగి వచ్చేది. ఎవరి సమాధి ఎటు జరిగిందో కొలిచి, పటంలో పాత గుర్తు చెరిపి కొత్తది పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఆ ఊళ్లో పోయినవాళ్లు ఒకచోట కుదురుగా ఉండరు. మొగుడి పక్కకి పెళ్లాం జరుగుతుంది, పడనివాళ్లు ఎడంగా గోడవారకి పోతారు. ఎవరు కదిలినా ఇంటివాళ్లకి కబురు చెప్పి రావడం కూడా ఆవిడ పనే.

"మీ మామగారు మళ్లీ బావి వైపు జరిగాడమ్మా," అంటే దర్జీ భార్య నవ్వేసేది. "బతికున్నన్నాళ్లూ మంచం దిగితే ఒట్టు. ఇప్పుడు చూడు, కాలు నిలవదు!"

కదలనిది ఒక్కటే, రికార్డమ్మ సొంత అక్క సమాధి.

తల్లి పోయాక ఆవిడని ఎత్తుకుని పెంచింది ఆ అక్కే. తీరా పెద్దయ్యాక, అక్క తెచ్చిన సంబంధం వద్దనడంతో మాటా మాటా పెరిగింది. "పెంచినంత మాత్రాన అమ్మవైపోవు," అనేసింది చెల్లెలు. ఆ మాటతో రెండు వీధుల అవతల ఉన్న ఇల్లు పరాయిదైపోయింది. చాలా ఏళ్లకి అక్క మంచాన పడితే, ఆమె కూతురు వెతుక్కుంటూ వచ్చింది. "పిన్నీ, అమ్మ నిన్ను చూడాలంటోంది." రికార్డమ్మకి అప్పుడే పరిగెత్తాలనిపించింది. నోరు మాత్రం, "పనుంది, ఆదివారం వస్తానని చెప్పు," అంది. అక్క ఆదివారం దాకా ఉండలేదు. ఆ పేరు రిజిస్టర్లో తన చేత్తోనే రాయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి అక్క కూతురు ఈవిడ ఎదురుపడితే తల తిప్పుకునేది.

అక్క సమాధి పక్కన రోజూ టేపు పెట్టి చూసేది. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అక్కకి కోపం ఇంకా తీరలేదనుకునేది. చూసి చూసి చివరికి పట్నానికి బదిలీ అడిగి తెచ్చుకుంది.

ప్రయాణం దగ్గరపడ్డాక, వాన వెలిసిన ఒక పొద్దున గేటు తీసి ఉన్నపళంగా ఆగిపోయింది. గేటు పక్కన తను కూర్చునే గది. ఆ గది మెట్టుని ఆనుకుని అక్క సమాధి ఉంది. వరసలన్నీ దాటుకుని వచ్చేసింది.

రికార్డమ్మ మెట్టు మీద కూలబడింది. "నువ్వే రావాలా అక్కా?" అని తడిసిన రాయిని చీరకొంగుతో తుడిచింది. తర్వాత లేచి, ఇన్నేళ్లూ తొక్కని వీధిలోకి నడిచింది.

"ఏం కావాలి?" అంది అక్క కూతురు గుమ్మంలోంచే.

"మీ అమ్మ కదిలింది."

పిండుతున్న బట్ట ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఎటు? నాన్న పక్కకా?"

"కాదు. గేటు దగ్గరికి."

"అక్కడ మనవాళ్లెవరూ లేరుగా?"

"నా గది ఉంది తల్లీ."

ఆమె బట్టని గుమ్మం పక్కన పెట్టింది. "పోయే ముందు నువ్వొస్తున్నావేమో చూడమని అమ్మ నన్ను మాటిమాటికీ వీధిలోకి పంపింది. నీకు చెప్పకూడదనుకున్నా. కానీ ఒక్కదాన్నే మొయ్యలేకపోతున్నా."

రికార్డమ్మ ద్వారబంధం పట్టుకుంది.

"వెళ్లిపోతున్నావటగా?"

"ఆ. బదిలీ అయింది."

"అంత దూరం నడిచొచ్చినదాన్ని వదిలేసా?"

రికార్డమ్మ వెళ్లలేదు. బదిలీ వద్దని రాసి పంపేసింది. అక్క కూతురు అప్పుడప్పుడు వచ్చి తల్లి దగ్గర కూర్చునేది, పిన్నితో మాత్రం ముక్క మాట్లాడేది కాదు. ఒకరోజు రాతి చుట్టూ గడ్డి పీకుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"పిన్నీ, చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేది?"

రికార్డమ్మ అవతలి పక్కన చతికిలబడింది. "జడ వేస్తూ, కదిలితే ఠంగున మొట్టేది. నేను ఏడిస్తే తనే భయపడిపోయి మొట్టిన చోట ముద్దు పెట్టేది. నాకు జ్వరమొస్తే తన అన్నం కూడా మర్చిపోయేది..."

చెప్పుకుంటూ పోతుంటే అక్క కూతురు గడ్డి పీకడం ఆపేసింది. "ఇవన్నీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదే నాకు."

"తనకేం గుర్తుంటాయి, చేసిన మనిషి," అంది రికార్డమ్మ. "గుర్తున్నది నాకు. ఆ మాట నేనే తనతో ఎప్పుడూ అనలేదు."