ఇరవై ఎనిమిది మీటర్లు

పద్నాలుగేళ్ల పాటు ఆ బస్సుకు డ్రైవరు ఒక్కడే, మెకానిక్కూ ఒక్కడే. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేస్తాడని డిపోలో అందరూ ఆ మెకానిక్కును చెవిమేస్త్రి అనేవారు. డ్రైవరు మాత్రం అన్నా అని పిలిచేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కారేజీ విప్పుకుని తినేవారు.

రెండేళ్ల కిందట ఒక ఉదయం ఆలస్యమైందని డ్రైవరు సంత మలుపు దగ్గరికి అరవైలో వచ్చాడు. మామూలుగా అక్కడ నలభై దాటేవాడు కాదు. అరవై దాకా పోవచ్చని బోర్డు ఉంది కాబట్టి నేరమేమీ కాదు. బట్టల మూట చంకన పెట్టుకుని ఒకామె రోడ్డు మీదికి దిగింది. బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టే మనిషి. బ్రేకు పడిన చోటి నుంచి ఆమె ఇరవై మీటర్ల దూరంలో ఉంది. టైర్ల మరక ఇరవై ఎనిమిది మీటర్లు సాగింది.

డిపోలో విచారణ ఒక్క పూటలో ముగిసింది. బ్రేకులు విప్పి చూస్తే లైనింగు ఒకచోట కొంచెం అరిగి ఉంది, ఇంకా ఆరు నెలలు వాడొచ్చు. కానీ విచారణాధికారి లెక్క వేరు.

"ఈ బండి ముప్ఫైలో ఎంత దూరంలో ఆగుతుందయ్యా?" అని అడిగాడు.

"ఏడు మీటర్లలో సార్" అన్నాడు డ్రైవరు. డిపో ఆవరణలో వందసార్లు కొలిచిన సంగతే అది.

"పిండి కొద్దీ రొట్టె. వేగం రెండింతలైతే దూరం రెండింతలు. పద్నాలుగులో ఆగాల్సింది ఇరవై ఎనిమిదికి పోయింది. అంటే బ్రేకు సగమే పట్టింది. అవునా?"

"అవును సార్. నేను మాత్రం నిలబడి తొక్కాను."

ఆ లెక్క అందరికీ నచ్చింది. చెవిమేస్త్రికి కూడా అందులో తప్పు కనిపించలేదు. వారం తిరక్కుండా ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాత డ్రైవరు చెవిమేస్త్రి ఇంటికి వెళ్లలేదు. మొదట కోపం ఉండేది. తర్వాత, ఇన్నాళ్లకు వెళ్లి ఏం మాట్లాడతాంలే అని ఊరుకున్నాడు.

డ్రైవరు కూతురు ఈ ఏడే హైస్కూల్లో ఫిజిక్సు టీచరుగా చేరింది. ఒక ఆదివారం పొద్దున్నే తండ్రిని లేపి, సైకిలూ టేపూ తీసుకుని ఇంటి వెనక సందులోకి లాక్కుపోయింది.

"పిల్లలకు గ్రాఫు చెప్పాలి నాన్నా. పుస్తకంలో అంకెలిస్తే నిద్రపోతున్నారు. నువ్వు తొక్కు, నేను కొలుస్తా."

పది మీటర్ల ఎడంలో రెండు సుద్దగీతలు గీసింది. మొదటి గీత నుంచి రెండో గీతకు ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే వేగం తెలుస్తుంది. రెండో గీత మీద బ్రేకు నొక్కాలి. ముప్పావుగంట తొక్కాక డ్రైవరు చొక్కా తడిసి ముద్దయింది. సెకనుకు రెండు మీటర్ల వేగంలో సైకిలు డెబ్బై సెంటీమీటర్లలో ఆగింది. నాలుగు మీటర్ల వేగంలో రెండు మీటర్ల డెబ్బై. ఆరులో ఆరు మీటర్లు.

మెట్ల మీద కూర్చుని ఆమె గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టింది. డ్రైవరు స్కేలు తీసుకుని, సున్నా నుంచి మొదటి చుక్క మీదుగా గీత లాగాడు. మిగతా రెండు చుక్కలూ ఆ గీతకు ఎక్కడో పైన ఉండిపోయాయి.

"టేపు జారినట్టుంది. మళ్లీ కొలుద్దాం పద."

"జారలేదు నాన్నా. అన్నిటికీ ఎంత చెట్టుకు అంత గాలి అంటే కుదరదు. ఒకే వేగంతో పోతుంటే, రెండింతల టైములో రెండింతల దూరం పోతాం. అక్కడ గీత సున్నా నుంచి తిన్నగా వస్తుంది. ఆగే దూరం అలా కాదు. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు. అందుకే ఇలా వంగి పైకి లేచిపోతుంది. తిన్నని గీతే కావాలంటే, అడ్డంగా వేగం కాదు, వేగాన్ని వేగంతో గుణించి వెయ్యాలి. ఇదిగో చూడు."

వేసి చూపించింది. మూడు చుక్కలూ స్కేలు అంచున కూర్చున్నాయి.

డ్రైవరు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. "ముప్ఫైలో ఏడు మీటర్లకు ఆగే బండి..." అన్నాడు, "అరవైలో?"

ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "ఇరవై ఎనిమిది."

"నలభైలో?"

"పన్నెండున్నర. ఎందుకు నాన్నా?"

"బ్రేకు బాగానే పట్టిందమ్మా" అన్నాడు. అప్పుడామె తల ఎత్తి తండ్రి మొహం చూసింది. ఆ అంకెలు ఎక్కడివో ఆమెకు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే కాగితం మడిచి జేబులో పెట్టుకుని అతను చెవిమేస్త్రి ఇంటికి వెళ్లాడు. తలుపు తీసిన వదిన పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. లోపల చెవిమేస్త్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

డ్రైవరు నేల మీద కూర్చుని అంతా చెప్పాడు. చెవిమేస్త్రి ఒక చెయ్యి బయటికి తీసి కాగితం అందుకున్నాడు. కాగితం గాలికి ఊగినట్టు వణికింది. గదిలో గాలి లేదు.

"అయితే నా బ్రేకు మంచిదే."

"మంచిదే అన్నా. నేనే—"

"రెండేళ్లురా! గ్యాసు స్టవ్వు వెలిగించడానికి కూడా నా చేతుల్ని నేను నమ్మలేదు. ఆవిణ్ణి నేనే చంపాననుకున్నాను." గొంతు పెంచలేదు. "ఆవిడ మొగుడికి చెప్పావా?"

డ్రైవరుకు ఆ ఆలోచనే రాలేదు. తల అడ్డంగా ఊపాడు.

"వెళ్లి చెప్పు. ఇక్కడ ఏడవకు."

యూనిఫారాలు కుట్టే ఆమె ఇంట్లో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె భర్త నిలబడే విన్నాడు. "బ్రేకన్నారు. యంత్రాన్ని ఏమంటామని ఊరుకున్నా. నలభైలో వస్తే బతికేదా?" అని అడిగాడు.

"బతికేదండీ."

"ఇది నాకెందుకు చెప్పావయ్యా?" అన్నాడు ఆ మనిషి. తలుపు మెల్లగా వేశాడు.

మర్నాడు డ్రైవరు కాగితం జతచేసి డిపోలో అర్జీ రాసిచ్చాడు. కదలడానికి ఐదు నెలలు పట్టింది. కొత్త అధికారి నిజంగానే బస్సును ఆవరణలో అరవైలో నడిపించి కొలిపించాడు. చెవిమేస్త్రి తొలగింపు రద్దయింది. డ్రైవరు వేగం పరిమితిలోనే ఉంది కాబట్టి అతని తప్పేమీ లేదని కింద ఒక వాక్యం రాశారు. ఆ వాక్యం కొట్టెయ్యమని అతను రెండుసార్లు అడిగాడు. కుదరదన్నారు. స్టీరింగు వద్దని తనే రాసిచ్చి, ప్రయాణికులకు బస్సుల వేళలు చెప్పే విచారణల కిటికీ వెనక కూర్చున్నాడు.

తొలగింపు రద్దు చేసిన ఉత్తర్వు తీసుకోవడానికి వదిన ఒక్కతే ఆ కిటికీ దగ్గరికి వచ్చింది.

"అన్న ఎప్పటి నుంచి వస్తాడు వదినా?"

"రారు. ఆ చెయ్యి ఇక స్పానరు పట్టదన్నారు డాక్టరు గారు."

రిజిస్టరులో సంతకం పెట్టి, కాగితాన్ని కొంగులో చుట్టుకుని ఆమె వెళ్లిపోయింది. వెనక నిలబడ్డ మనిషి కిటికీలోకి వంగి, సంతకు వెళ్లే బస్సు ఎన్నింటికని అడిగాడు.