ఆరు దాటినా ఆగని బండి

చోడవరంలో ఆటో ఎలక్ట్రీషియన్ దయాసాగర్ చెయ్యి పడితే చచ్చిన బండి కూడా లేచి కూర్చుంటుందని పేరు. ఆ పేరుతో పాటు కాస్త తలపొగరూ వచ్చింది, ఉన్నమాట చెప్పుకోవాలి కదా. ఎవరేం అడిగినా "నీకెందుకు, నేను సూసుకుంటాను" అనేవాడు. చర్చి సంఘంలో పెద్ద. అబద్ధం మాత్రం ఆడి ఎరగడు.

భార్య కృపామణికి ఊపిరితిత్తులు పాడై రెండేళ్లయింది. ఆక్సిజన్ మిషను లేనిదే గడవదు. మిషనుకి కరెంటు కావాలి, అందుకని మనిషికి ఆ గదీ, ఆ మంచమే లోకం. చూసి చూసి దయాసాగర్ ఊరుకోలేకపోయాడు. పాత టెంపో వ్యాను కొని, మంచం వేసి, మిషను నడిచేందుకు నలభై ఎనిమిది వోల్టుల పెద్ద బేటరీ పెట్టాడు. ఇంజను బేటరీ పన్నెండు వోల్టులదే కాబట్టి, ఆ పన్నెండుని నలభై ఎనిమిదికి ఎక్కించే పెట్టె ఒకటి మధ్యలో బిగించి, దాని స్విచ్చు స్టీరింగు పక్కన పెట్టాడు. బండి పరిగెడుతున్నంతసేపూ పెద్ద బేటరీ నిండుతుంది.

ఆ మంగళవారం రిపేర్లని పొద్దున్నించి సాయంత్రం ఆరు దాకా ఊరంతా కరెంటు తీశారు. ఇంట్లో కూర్చునే బదులు చీడికాడ కొండలు చూపిస్తానని దయాసాగర్ ఆమెను బండెక్కించాడు. స్టీరింగు దగ్గర బామ్మర్ది దాసు, కృపామణి తమ్ముడు. పదిహేనేళ్లు ఫేక్టరీకి చెరుకు లారీ తోలినవాడు.

తిరిగొస్తూ ఊరి పొలిమేరలో ఉండగా పెద్ద బేటరీ మీటరు కీచుమంది. పధ్నాలుగు శాతం! అప్పటికి మూడే అయింది. చేతిలో ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండరు నలభై నిమిషాలకి మించి రాదు.

దయాసాగర్ బండి ఆపించి వైర్లన్నీ తడిమాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ముందుకొచ్చి చూస్తే స్టీరింగు పక్కన ఆ పెట్టె స్విచ్చు మీది పచ్చలైటు వెలగడం లేదు.

"ఒరే, ఈ స్విచ్చు ఎవడాపేడు?"

"నేనే బావా. పొద్దున్నే ఆపేసేను."

"నీ బుర్ర తగలెయ్య! ఎందుకురా?"

దాసు మొహం పాలిపోయింది. "ఫేక్టరీ కాడ లైన్లో ఉన్నప్పుడు లైట్లూ పాటలూ అన్నీ ఆపేస్తాం బావా, బేటరీ దిగిపోతే నెట్టాలి గదా. ఇదీ ఇంజను బేటరీనే పీకేస్తదనుకున్నాను. కొండకాడ బండి స్టార్టవ్వకపోతే మా అప్ప గతేటి? అదేటని నిన్నడిగేను. 'నీకెందుకురా' అన్నావు."

దయాసాగర్‌కి ఆ మాట గుర్తొచ్చింది. అన్నాడు, నిజమే. తప్పంతా తనదేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

"నిలబెట్టి ఇంజనేస్తే సాలదురా. స్విచ్చేసి పోనీ. ఆరు దాకా ఎక్కడా ఆపకు."

బుచ్చయ్యపేట వైపు తిప్పారు. అక్కణ్ణించి కె.కోటపాడు. భార్య చెయ్యి పట్టుకుని దయాసాగర్ మీటరు వంకే చూస్తున్నాడు. పదిహేడు. ఇరవై మూడు. కృపామణి మాత్రం కిటికీ వదల్లేదు.

"ఏవయ్యా, సెరుకు కొట్టేస్తన్నారప్పుడే! అదిగో, ఆ గుంటపిల్లని సూడు, సెరుకు గెడ ఎలా నవుల్తందో. రెండేళ్లయింది నేనిలాంటియి సూసి. ఆ మీటరొదిలేసి నువ్వూ సూడు."

ఆయన చూశాడు. ఆమె మొహమే చూశాడు. అంత వెలుగు ఆ మొహంలో చూసి ఎన్నాళ్లయిందో!

ఆరింటికి బండి చోడవరం చేరేసరికి మీటరు నలభై దాటింది. పక్కింటి అచ్చియ్యమ్మ ఫోన్ చేసింది, కరెంటొచ్చిందని. దయాసాగర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఏటంట బావా? కరెంటొచ్చిందా?" అన్నాడు దాసు.

"రాలేదురా," అన్నాడు దయాసాగర్. అన్నాక చెవులు వేడెక్కాయి.

కృపామణి కిటికీ వైపు నుంచి తల ఇటు తిప్పింది. అప్పుడే బండి వాళ్ల వీధిలోకి తిరిగింది, వీధంతా లైట్లు వెలుగుతున్నాయి. మొగుడి చెయ్యి గట్టిగా నొక్కింది.

"నేను లైట్లు సూళ్లేదులే. ఇంకో సుట్టు తిప్పమను."

దాసు ఇంటి సందు దాటించి బండి పోనిచ్చాడు.