కుడి భుజం మీది పువ్వు

...రాలుతుంది, రాలకపోవడమంటూ ఉండదు, కుడి భుజం మీద పెట్టిన పువ్వు ఎప్పుడైనా రాలవలసిందే. రాలిందని అమ్మ సంతోషపడుతుంది, ఆ సంతోషంలో ఇంటికి పోయి రెండు ముద్దలు తింటుంది, ఇందులో తప్పేముంది? కొండదారి ఎక్కుతూ దామోదరం తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదే. తప్పు లేదని చెప్పుకున్నకొద్దీ అది మళ్లీ మొదటికొస్తోంది.

ముందు తల్లి తిరుమలమ్మ నడుస్తోంది. వెనక వదిన పంకజాక్షి. వదిన ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. అన్న జయరావు రంగూన్‌లో బియ్యం మిల్లు గుమాస్తా. అక్కడ జపానువాళ్ల బాంబులు పడి ఏడాదిన్నర దాటింది. అడవుల వెంట నడిచి బతికి రాగలిగినవాళ్లు ఎప్పుడో వచ్చేశారు. జయరావు రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు.

అందుకే తల్లి ప్రతి అమావాస్యకూ ఈ దారిలోని మునిస్వామి గుడికి వచ్చి పువ్వు అడుగుతుంది. రెండు గన్నేరు పూలు తడిపి స్వామి భుజాల మీద చెరొకటి అతికిస్తారు. ముందు కుడిది రాలితే అవునని, ఎడమది రాలితే కాదని. 'నా కొడుకు ఉండాడా సామీ' అని ఆమె అడిగిన ప్రతిసారీ కుడిదే రాలింది.

మునిస్వామి బుద్ధుడని దామోదరం మొదటిరోజే పోల్చుకున్నాడు. తిరుపతి హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడికి ఆ సాగిన చెవులు, ఒడిలో చేతులు కొత్త కాదు. ఆ రోజే గడప బయటి నుంచి, దీపం వెలుగులో ఇంకొకటి కూడా చూశాడు. రాతిలో చెక్కిన వస్త్రం ఎడమ భుజాన్నే కప్పింది. దాని మడతల గీతల్లో పువ్వు ఇరుక్కుని ఉండిపోతుంది. కుడి భుజం బోడిది, ఎన్ని తరాల నూనెతోనో నున్నబడింది. అక్కడ ఏదీ నిలవదు. ఈ స్వామి ఎవరికైనా మంచే చెబుతాడన్న పేరు అలా వచ్చింది.

బుద్ధుడన్న సంగతి తల్లితో చెప్పాడు.

"బుద్ధుడో, ఎవురో. పలకతా ఉండాడు గదరా, నీకేం నొప్పి?" అంది.

భుజం సంగతి చెప్పలేదు.

గుడి అంటే నాలుగు రాతిస్తంభాలు, పైన బండలు, లోపల చీకట్లో ఒక్క నూనెదీపం. పూజారి వెంకటముని గడప ముందు ఆకులు ఊడుస్తున్నాడు.

"ఏం అయ్యవారూ, ఈ తూరన్నా లోపలికొస్తావా, బయటే కాపలానా? సామి కరవడులే!"

దామోదరం నవ్వి, ఎప్పుడూ కూర్చునే బండ మీదే కూర్చున్నాడు. వెంకటముని పూలు తడిపి అతికించాడు. తిరుమలమ్మ చేతులు జోడించబోతుంటే పంకజాక్షి ముందుకొచ్చింది.

"అత్తా, ఈ తూరి నేనడుగుతా."

"అడుగు తల్లీ. నీ మొగుడే గదా."

పంకజాక్షి కళ్లు మూసుకోలేదు. విగ్రహాన్నే చూస్తూ, గొంతు తగ్గించకుండా అడిగింది.

"ఆయన లేడంటే కుడిది రాల్చు సామీ. రాలిస్తే ఈ పొద్దే పుస్తె తీసేస్తా. మా నాయనింటికి పోతా."

"నోరు ముయ్యే! కుడిపక్క మంచికే గదా అడిగేది!"

"నాకు తెలిసేదే మంచి అత్తా. ఉండాడో లేడో తెలీకుండా రోజూ కుంకం పెట్టుకునేది నేను. నువ్వు గాదు."

తిరుమలమ్మ పూజారి వైపు తిరిగింది. "వద్దని చెప్పు మునీ."

"అడిగేసినాక నేనేం చేసేదమ్మా? సామి ఇనేసినాడు."

దామోదరం లేచి నిలబడ్డాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, అది స్వామి మాట కాదు, రాయి నునుపు. చెబితే అమ్మ ఇన్నాళ్లూ మూటగట్టుకున్న అవునులన్నీ ఒక్కసారిగా ఊడిపోతాయి. చెప్పకపోతే ఇంకాసేపట్లో ఒక రాయి వదినను విధవను చేస్తుంది. నిజంగా అన్న ఉన్నాడో లేడో తనకూ తెలియదు.

అయితే అతణ్ణి వణికించింది ఇది కాదు. వదిన ఆ మాట అనగానే లోపల ఎక్కడో ఏదో తేలికపడింది. అన్న పీట మీద కూర్చుని తినడం తనకు ఎప్పటినుంచి అలవాటయింది? దీపం వెలిగించేటప్పుడు వదిన వంటింట్లోంచి పిలిస్తే మరిదిని కాక మొగుణ్ణి పిలిచినట్టు ఎప్పటినుంచి వినబడుతోంది? పువ్వు రాలాలని కోరుకుంటున్నది ఈ గుడిలో వదిన ఒక్కతేనా? మాట్లాడకుండా నిలబడితే, ఆ మౌనం అమ్మ మీద జాలేనా?

లోపల కుడి పువ్వు కొద్దిగా జారింది. తిరుమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంకజాక్షి రెప్ప వేయలేదు. ఆమె మెడ దగ్గర నరం కొట్టుకోవడం దామోదరానికి కనిపించింది.

అతను చెప్పులు విడిచాడు. గడప దాటాడు.

"ఏయ్, అయ్యవారూ! ముట్టుకోగూడదు!"

రాయి చల్లగా, జిడ్డుగా ఉంది. కుడి భుజం మీది పువ్వు తీశాడు. ఎడమదాన్ని మడతలోంచి గోటితో లాగాడు. అవునూ, కాదూ, రెండింటినీ తెచ్చి వదిన అరచేతిలో పెట్టాడు.