గొంతుక్కూర్చున్న పిల్ల

"పాపని లేపమ్మా. ఆ కూర్చోడమేంటి, ఎవరైనా చూస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు శ్రీనివాసరావు, పది నిమిషాల్లో మూడోసారి.

నూకరత్నం లేపుతున్నట్టు కొంచెం ముందుకు వంగి, ఆయన అటు తిరగగానే ఊరుకుంది. ఆమె కూతురు ఆరేళ్ళ ధనశ్రీ స్టేజీ మెట్ల పక్కన గొంతుక్కూర్చుని, మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని, రాలిన బంతిపూల రేకులు ఏరుకుంటోంది. మే నెల, మధ్యాహ్నం పన్నెండున్నర. షామియానా కింద గాలి ఉడుకుతోంది. పొద్దున దరియాలతిప్పలో ఆటో ఎక్కేటప్పుడు నేరేడు రంగులో ఉన్న పిల్ల పెదాలు ఇప్పుడింకా నల్లబడ్డాయి.

తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. ముఖ్య అతిథి భాస్కరరావుగారు రాజమండ్రిలో బయల్దేరి, కాకినాడలో ఎవరింట్లోనో టిఫిను దగ్గర ఆగి, అక్కణ్ణుంచి ఇంకెక్కడో మజ్జిగ దగ్గర ఆగి, వచ్చేస్తున్నారని కబురు మీద కబురు పంపుతున్నాడు. ఆయన కడుపు నిండేదాకా యానాం కనకాలపేటలో నాలుగొందల మంది ఎదురుచూస్తున్నారు.

సందర్భం ఉమామహేశ్వరంగారి యాభయ్యో పుట్టినరోజు. అడవిపొలం వైపు ఆయనకి అరవై ఎకరాల రొయ్యల చెరువులు, ఊళ్ళో రెండు బ్రాందీ షాపులు ఉన్నాయి. రోడ్డు దాటి చవక మందు కోసం వచ్చే ఆంధ్రా కూలీల జేబులు ఏళ్ళ తరబడి ఖాళీ చేసినవాడికి చివరికి సేవ మీదకి మనసు మళ్ళింది. గౌతమీ సేవా సమితి అని ఒకటి పెట్టి దానికి తనే అధ్యక్షుడయ్యాడు. శ్రీనివాసరావు దానికి కార్యదర్శి. అంటే సంచీ మోసేవాడు.

స్టేజీ వెనక ఫ్లెక్సీలో ఉమామహేశ్వరం నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన మోచేతి కింద తపాలా బిళ్ళంత చోటులో ధనశ్రీ ఉంది. 'చిన్నారి గుండెకు పెద్ద మనసు చేయూత' అని రాయించారు. పెదాల నీలం చూడ్డానికి బాగాలేదని ఫోటో స్టూడియోవాళ్ళు వాటికి ఎరుపు వేశారు. ఏ జబ్బు పేరు చెప్పి ఇంత సంత పెట్టారో ఆ జబ్బునే చెరిపేశారు.

నూకరత్నం రొయ్యల షెడ్డులో తలలు తీసి పొట్టు ఒలుస్తుంది. మంచు నీళ్ళలో వేళ్ళు పాచిపోయేలా రోజంతా ఒలిస్తే అరవై రూపాయలు. తల తీసేస్తే ఏ రొయ్య ఎంత తూగుతుందో ఆమెకి చూపుతోనే తెలుస్తుంది. స్టేజీ మీద కుర్చీలు సర్దుతున్న పెద్దమనుషుల్ని వరసగా అలాగే చూసింది. తూకానికి పెద్దగా ఏమీ మిగిలేట్టు లేదు.

ఈ మనుషుల ముందు ఇలా నిలబడాల్సి రావడానికి వెనక అయిదేళ్ళ కథ ఉంది.

ధనశ్రీ నడక నేర్చినప్పట్నుంచీ నాలుగడుగులేసి గొంతుక్కూర్చునేది. బడికి వెళ్తూ కూర్చునేది, ఆటలో కూర్చునేది. పంతులమ్మ బద్ధకమంది. అత్త గారాబం ఎక్కువైందంది. పక్క పేటలో మంత్రం వేసే ముసలాడు చెడుగు సోకిందని చెప్పి, పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద మూడు వాతలు పెట్టి, కోడిపెట్టను చంకన పెట్టుకుపోయాడు. ఒకసారి చేపల మార్కెట్టుకి వెళ్తూ, తట్ట నెత్తిన ఉండగా, పిల్ల నడిరోడ్డు మీద చతికిలబడిందని నూకరత్నం కూడా చెంప పగలగొట్టింది. దెబ్బ తిన్న పిల్ల ఏడవడానికి ఊపిరి చాలక నోరు మాత్రం తెరిచింది. ఆ నోరు ఇప్పటికీ నూకరత్నం కళ్ళ ముందు అలాగే ఉంది.

అసలు సంగతి పట్టుకున్నది నర్సు ఫిలోమినా. టీకాల కోసం బడికి వచ్చి, వరండాలో ఆడుతున్న పిల్లల్ని చూస్తూ, ధనశ్రీ కూర్చోగానే దగ్గరికి పిలిచి గోళ్ళు తిప్పి చూసింది. గోళ్ళు నీలం, వేళ్ళ చివర్లు ఉబ్బెత్తు.

"ఇది బద్ధకం కాదు నూకరత్నం, గుండెలో ఏదో ఉంది. కాకినాడ తీసుకెళ్ళి ఎకో తీయించు. ఈ వారంలోనే వెళ్ళు" అంది.

కాకినాడ డాక్టరు పిల్ల గుండె మీద జిగురు రాసి, టీవీలాంటి దాంట్లో ఎరుపూ నీలం కలిసిపోవడం చూపించాడు. రెండు గదుల మధ్య గోడకి చిల్లు ఉందనీ, ఊపిరితిత్తులకి నెత్తురు పోయే దారి ఇరుకనీ, అందుకే చెడ్డ నెత్తురు మంచి నెత్తురులో కలిసి ఒంటికి పోతోందనీ చెప్పాడు. కూర్చోవడం గురించి అడిగితే నవ్వాడు.

"కాళ్ళు ముడిస్తే ఊపిరితిత్తులకి నెత్తురు కాస్త ఎక్కువ పోతుందమ్మా. నీ కూతురు తన వైద్యం తనే కనిపెట్టుకుంది. దాన్ని ఎప్పుడూ బలవంతంగా లేపకండి. ఎండలో ఉంచకండి, దాహం పెట్టకండి, ఏడిపించకండి. ఒళ్ళు నల్లబడి వాలిపోతే మోకాళ్ళు గుండెకి ఆనించి గట్టిగా పట్టుకోండి. ఆపరేషన్ అయితే మామూలు పిల్లే. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

ఇన్నేళ్ళ మాటల్లో పిల్లని మెచ్చుకున్న మాట అదొక్కటే. నూకరత్నం బస్సులో ఇంటిదాకా ఏడ్చింది.

రోడ్డు అవతల ఆంధ్రాలో తెల్లకార్డు ఉన్నవాళ్ళ పిల్లలకి గుండె ఆపరేషన్లు ఉచితమని అప్పుడే విన్నారు. యానాం పాండిచ్చేరి కింద ఉంది, ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు. పాండిచ్చేరి ఆసుపత్రి దూరమని శ్రీనివాసరావు చాలా తెలిసినవాడిలా సలహా ఇచ్చాడు. యానాం కార్డులో పిల్ల పేరు కొట్టించి, అవతలున్న అమ్మమ్మ కార్డులో ఎక్కించమన్నాడు. కొట్టించడం ఒక్క పూటలో అయిపోయింది. ఎక్కించేవాళ్ళు పుట్టిన కాగితం చూసి, యానాం పిల్లని మేమెలా రాస్తామన్నారు. మళ్ళీ ఇటు వస్తే, తీసేసిన పేరు చేర్చడానికి ఆరునెలలన్నారు. అటు కార్డుంటే ఆంధ్రా ఆసుపత్రి, ఇటు కార్డుంటే పాండిచ్చేరి ఆసుపత్రి. ధనశ్రీ రెండు ప్రభుత్వాలకీ పుట్టని పిల్లయింది. సలహా చెప్పినవాడు మాత్రం "రూల్స్ అలా ఉన్నాయమ్మా" అని చేతులు దులుపుకున్నాడు.

చివరికి విశాఖలో ఒక ఆసుపత్రి యాభై వేలకి చేస్తామంది. ఆ యాభై వేలు ఉమామహేశ్వరం ఇస్తానన్నాడు. నూకరత్నం మొగుడు వీరబాబు ఆయన చెరువుల దగ్గరే కాపలా, నెలకి రెండు వేల నాలుగొందలు. ఇస్తానన్న పెద్దమనిషి వెంటనే ఇస్తే సరిపోయేది. కానీ పుట్టినరోజున సభలోనే ఇస్తానన్నాడు. అలా ఏప్రిల్‌లో వచ్చిన తేదీ పోయింది. ఆసుపత్రివాళ్ళు ఇంకో తేదీ ఇస్తూ, ఇదీ పోతే ఎప్పటికో చెప్పలేమన్నారు. ఆ తేదీ రేపే. రాత్రి బండికి బయల్దేరాలి.

"సారు ఎలా చెప్తే అలా సెయ్యి. ఎదురు మాటాడకే. డబ్బూ ఆయనదే, మన కూడూ ఆయనదే" అని వీరబాబు పొద్దున చెరువు మీదకి వెళ్తూ చెప్పాడు.

ధనశ్రీ తలెత్తి, "అమ్మా, నీళ్ళు" అంది.

నూకరత్నం సీసా మూత తియ్యబోతుంటే శ్రీనివాసరావు పరుగున వచ్చాడు. "వద్దమ్మా, వద్దు! స్టేజీ మీదుండగా ఒంటికొస్తే ఎవరు తీసుకెళ్తారు? గౌను కొత్తది. గెస్టుగారు వచ్చేశారు, టూ మినిట్స్ ఓపిక పట్టండి."

"డాక్టరుగారు దాహం పెట్టొద్దన్నారండి."

"డాక్టరు ఆపరేషనుకి డబ్బులివ్వడు కదమ్మా" అని శ్రీనివాసరావు సీసా తీసుకుని కుర్చీ కింద పెట్టాడు.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. కానీ రాత్రి బండి గుర్తొచ్చి నోరు మూసుకుంది. అందుకు తర్వాత తనని తను క్షమించుకోలేకపోయింది.

భాస్కరరావు ఒంటిగంటన్నరకి వచ్చాడు. భారీ శరీరం, మెళ్ళో అప్పుడే మూడు దండలు. మైకు అందుకుని హృదయం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. ఉమామహేశ్వరం హృదయం సముద్రమన్నాడు, ఆకాశమన్నాడు. మెట్ల పక్కన గొంతుక్కూర్చున్న పిల్ల హృదయం సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. ఆపైన అయిదడుగుల అట్టమీద రాయించిన యాభై వేల చెక్కు తెచ్చారు. అసలు చెక్కు ఉమామహేశ్వరం జేబులో ఉంది. ధనశ్రీని స్టేజీ ఎక్కించి, నిలబెట్టి, అట్ట ఒక అంచు చేతికిచ్చారు.

పిల్ల కాళ్ళు ముడిచింది. శ్రీనివాసరావు చంకలో చెయ్యి పెట్టి పైకి లాగాడు. మళ్ళీ ముడిచింది, మళ్ళీ లాగాడు. "స్మైల్ పాపా" అన్నాడు ఫోటోగ్రాఫరు. ధనశ్రీ ఏడుపు మొదలుపెట్టింది. రెండు వెక్కిళ్ళకే గొంతు ఆగిపోయి, మొహం బొగ్గురంగుకి తిరిగి, అట్ట మీదకే వాలిపోయింది.

మెట్ల దగ్గరున్న నూకరత్నం ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. పిల్లని లాక్కుని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు మోకాళ్ళూ గుండెకి ఆనించి అదిమి పట్టింది. "ఫిట్సు, ఫిట్సు, చేతిలో ఇనుము పెట్టండి" అని ఎవరో అరిచారు. శ్రీనివాసరావు బ్రాందీ షాపు తాళాలగుత్తి తెచ్చి పిల్ల పిడికిట్లో కుక్కబోయాడు. నూకరత్నం మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

భాస్కరరావు రెండడుగులు వెనక్కి వేసి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ, "అంటుకునేదేం కాదు కదా?" అని అడిగాడు. ఇంతసేపూ సముద్రం గురించి మాట్లాడింది ఈయనే.

"ఊపిరి తియ్యమ్మా, తియ్యి. కొట్టనే ఇంకెప్పుడూ, తియ్యి" అంటోంది నూకరత్నం. ఆ అయిదు నిమిషాలూ ఆమెకి సభ లేదు, సారు లేడు. నెమ్మదిగా పిల్ల ఛాతీ లేచింది. మొహంలో బొగ్గు విడిచి నీలం, నీలంలోంచి కాస్త రంగు వచ్చాయి. షెడ్డులో తనతో పనిచేసే ఆరోగ్యమ్మ నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ధనశ్రీ సగం సీసా తాగి, లేచి, మళ్ళీ గొంతుక్కూర్చుంది.

ఉమామహేశ్వరం మైకుని చేత్తో మూసి వంగకుండానే గొంతు తగ్గించాడు. "ఏమ్మాయ్, పాప బానే ఉంది కదా? ఒక్క ఫోటో అయిపోతే చెక్కు తీసుకుని వెళ్ళిపోదువుగాని. నిలబెట్టు."

"నిలబడదండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని నూకరత్నమే ఆశ్చర్యపోయింది.

"ఒక్క నిమిషమమ్మా" అన్నాడు శ్రీనివాసరావు.

"అర నిమిసం కూడా నిలబడదండి. కూకుంటేనే దానికి ఊపిరి. ఇందాక మీరు లాగినంతసేపూ సూత్తా ఊరుకున్నాను. నాకు సిగ్గులేక ఊరుకున్నాను."

"వీరబాబు మా చెరువు మీదే కదూ ఉంట?" అన్నాడు ఉమామహేశ్వరం మెల్లిగా.

"ఆయ్, మీ సెరువు మీదేనండి. రేపట్నుంచి ఉంచుతారో తీసేత్తారో మీ ఇట్టం. పిల్లని మాత్రం లేపను."

"మరి ఫోటో ఎలాగమ్మా? గెస్టుగారు వంగి ఇస్తారా ఏంటి?" శ్రీనివాసరావు గొంతు కీచుమంది.

"వంగమనండి."

అలా అని నూకరత్నం చీర కుచ్చిళ్ళు ఎగదోసుకుని, కూతురి పక్కనే స్టేజీ నడిమధ్యన గొంతుక్కూర్చుంది. కింద షెడ్డు ఆడవాళ్ళ వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆరోగ్యమ్మ మాత్రం నవ్వలేదు, స్టేజీ దిగలేదు, నూకరత్నం వెనకే నిలబడి ఉంది. ఉమామహేశ్వరం చెయ్యి జేబు మీదకి పోయి అక్కడే ఆగిపోయింది. చెక్కు తీసి ఇవ్వడానికి మనసు రాలేదు, ఇవ్వకుండా ఉండడానికి నాలుగొందల మంది చూస్తున్నారు.

ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకుంటూ తను కూడా మోకాళ్ళ మీదకి దిగాడు. "సార్, ఇద్దరూ కొంచెం కిందకి వస్తేనే ఫ్రేములో పడతారు" అన్నాడు.

భాస్కరరావు ఉమామహేశ్వరం వైపు చూశాడు, ఉమామహేశ్వరం శ్రీనివాసరావు వైపు చూశాడు. విశాఖ బండికి ఇంకా ఆరు గంటలుంది. నూకరత్నం లేవలేదు.