డాక్టరమ్మ దింపేసిన ఆటగాడు

ఆ ఫుట్‌బాల్ జట్టులో వెనక వరసలో ఆడే కుర్రాణ్ణి అందరూ గోడ అనే పిలిచేవారు. గోలు మీదికి ఎంత ఎత్తున బంతి వచ్చినా, అతని నుదుటికి తగిలి వెనక్కి పోవలసిందే. అభిమానులు పెట్టిన ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, చిన్నప్పటినుంచీ అతణ్ణి పెంచిన అక్క కూడా "మా గోడగాడు" అనేది.

జట్టుకి డాక్టరు ఒక నడివయసు ఆవిడ. ఆటగాళ్ళకి డాక్టరమ్మ. వాళ్ళ మాట నమ్మకూడదని ఆవిడ ఏనాడో నేర్చుకుంది. నొప్పుందా అంటే లేదంటారు, వేలు పెట్టి నొక్కితే కెవ్వుమంటారు.

సీజన్ ఆఖరి మ్యాచ్. ఓడితే జట్టు కింది డివిజన్‌కి పడిపోతుంది, డ్రా చేసుకున్నా చాలు. రెండో సగంలో ఒక కార్నర్ బంతికి గోడ ఎగిరాడు, అవతలి జట్టు వాడూ ఎగిరాడు. తలా తలా కొట్టుకున్న చప్పుడు డాక్టరమ్మ కూర్చున్న బెంచీదాకా వినబడింది. గోడ వెల్లకిలా పడ్డాడు. అతని చేతులు రెండూ ఒక్క క్షణం కర్రల్లా బిగుసుకుని గాల్లో నిలబడిపోయాయి. దెబ్బ మెదడుకి తగిలిందని తెలియడానికి ఆవిడకి అది చాలు. సంచీ అందుకుని పరిగెత్తింది.

ఆవిడ వెళ్ళేసరికి అతను లేచి కూర్చున్నాడు.

"ఏం కాలేదు మేడం. బాగానే ఉన్నా."

"స్కోరెంత?"

అతని కళ్ళు బోర్డు కోసం వెతికాయి. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది. అతను నవ్వాడు. "మనమే గెలుస్తున్నాం కదా!"

అప్పటికి ఏ జట్టూ గోలు కొట్టలేదు.

"త్వరగా తేల్చండమ్మా, ఎంతసేపు ఆపను?" అన్నాడు రిఫరీ.

గీత అవతలినుంచి కోచ్ గొంతు చించుకుంటున్నాడు. "మార్చడానికి మనిషి లేడండీ! సబ్‌స్టిట్యూట్లందరూ అయిపోయారు! మొహాన నీళ్ళు కొట్టి లేపండి!"

"ఇతను ఆడడు," అంది డాక్టరమ్మ రిఫరీతో.

గోడ ఆవిడ చెయ్యి పట్టేసుకున్నాడు. "మేడం, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ కాస్తసేపూ ఆడనివ్వండి." ఆవిడ అతని నడుం చుట్టూ చెయ్యి వేసి బయటికి నడిపించింది. అతను పక్కకి తూలుతుంటే, బయటికి రానని మొరాయిస్తున్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ఒక మనిషి తక్కువైన జట్టు చివరిదాకా నెట్టుకురాలేకపోయింది. సరిగ్గా గోడ నిలబడే చోటునుంచే బంతి లోపలికి పోయింది. డాక్టరమ్మ మీద నీళ్ళ సీసాలు పడ్డాయి.

"మీ చదువు మా కొంప ముంచింది," అన్నాడు కోచ్ డ్రెస్సింగ్ రూములో, అందరి ముందూ.

"తలకి దెబ్బ తగిలినవాణ్ణి పక్కన కూర్చోబెట్టి నిదానంగా చూసుకోవాలి. అంతసేపూ ఇంకొకణ్ణి ఆడించుకునే వీలు రూల్లో ఉంటే ఈ గొడవే లేదు. ఆ మాట లీగు వాళ్ళతో అనండి."

"లీగు వాళ్ళు దిగిపోలేదు కదండీ, మేం దిగిపోయాం."

మర్నాడు గోడ అక్క వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. "దేశం జట్టుకి పిలుపు రాబోయే టైమండీ ఇది. అందరిముందూ వాణ్ణి రోగిష్టివాడిలా నడిపించుకొచ్చారు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, టీవీలో నేను చూశాను."

"ఇంట్లో లైటు వేస్తే కళ్ళు మూసుకుంటున్నాడా?"

అక్క గుమ్మం వైపు తిరిగింది. "తలనొప్పి ఎవరికి రాదండీ?" అని వెళ్ళిపోయింది.

డాక్టరమ్మని క్లబ్బు మర్యాదగానే సాగనంపింది. ఆవిడ స్థానంలో కోచ్ చెప్పుచేతల్లో ఉండే ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. గోడ మళ్ళీ ప్రాక్టీసుకి దిగాడని తెలిసి ఆవిడ ఆ కుర్ర డాక్టరుకి ఫోన్ చేసింది.

"పరీక్షలన్నీ పాసయ్యాడు మేడం. తనే ఆడతానంటున్నాడు."

"వాడు ఆడననడం ఎప్పుడైనా విన్నావా బాబూ? ఇంకొన్నాళ్ళు ఆపు."

"నన్నడిగితే ఏం లాభం మేడం? కోచ్‌గారితో మాట్లాడండి."

కోచ్ ఫోన్ ఎత్తలేదు. మ్యాచ్ మధ్యలో తలదెబ్బల్ని చూసే డాక్టరు క్లబ్బు మనిషి కాకూడదనీ, చూసినంతసేపూ తాత్కాలికంగా ఇంకొకణ్ణి ఆడించుకోనివ్వాలనీ ఆవిడ లీగు ఆఫీసుకి వెళ్ళి చెప్పుకుంది. అక్కడి పెద్దమనిషి చాలా ఓపిగ్గా విన్నాడు. "మంచి సూచనండి. వచ్చే సీజన్లో చూద్దాం," అన్నాడు.

వచ్చే సీజన్ వచ్చింది. డాక్టరమ్మ అప్పటికి ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. రోగులు కూర్చునే హాల్లో టీవీలో మ్యాచ్ వస్తుంటే దాటిపోలేక నిలబడింది. పెద్ద దెబ్బేం కాదు, మామూలు బంతి. గోడ దాన్ని తలతో కొట్టి, నాలుగడుగులు వేసి, అలిసిపోయినవాడిలా చతికిలబడ్డాడు. టైం వేస్టు చేస్తున్నాడని స్టేడియం ఈలలు వేసింది. కుర్ర డాక్టరు పరిగెత్తుకొచ్చి నీళ్ళు చల్లాడు. గోడ బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"లేవకురా, లేవకు," అని డాక్టరమ్మ పైకే అనేసింది. హాల్లోవాళ్ళు తిరిగి చూశారు.

అతను లేచాడు. ఆడాడు కూడా. తర్వాత, దగ్గర్లో ఎవరూ లేనప్పుడు, ఉన్నచోటే కూలిపోయాడు.

పుర్రె తెరిచి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది. "మీరు అప్పుడే చెప్పారు" అని ఎంతమంది ఫోన్ చేశారో! కోచ్ కూడా చేశాడు.

"మీరన్నట్టే అయిందండీ."

"మరి ఇప్పుడేం మారుస్తున్నారు?"

"మన చేతిలో ఏముందండీ," అన్నాడు. ఆ వారం మ్యాచ్ ఆ వారం జరిగిపోయింది.

గోడ ఇంటికొచ్చాడని తెలిశాక డాక్టరమ్మ చూడ్డానికి వెళ్ళింది. అక్క తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. గోడ చేతుల కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉన్నాడు. జుట్టు తీసేసిన తలమీద ఒకచోట లోతుగా సొట్ట.

ఆవిణ్ణి చూడగానే అతని మొహం ఎర్రబడింది.

"మీరే," అన్నాడు, మాట ముద్దముద్దగా వస్తుంటే. "నన్ను... దింపేసింది మీరే. నాకేం కాలేదన్నా వినలేదు. ఆ రోజునుంచీ... ఎవరూ నన్ను ఆడనివ్వట్లేదు."

డాక్టరమ్మ అక్క వైపు తిరిగింది. అక్క ఆవిణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"మీరు దింపేసిన మ్యాచ్ ఒక్కటే వాడికి గుర్తుందండీ. ఆ తర్వాతది ఒక్క ముక్క గుర్తులేదు. మొదట్లో జరిగిందంతా చెప్పేదాన్ని. చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టే గుండెలు బాదుకుని ఏడ్చేవాడు. తెల్లారేసరికి మళ్ళీ మామూలే. ఇక నా వల్ల కాలేదు."

"నన్నేం చెయ్యమంటావమ్మా?"

"ఏం చెప్పకండి. వాడికి తిట్టుకోడానికి ఒక మనిషి కావాలి. ఆ కోచ్ వస్తే వీడు దణ్ణం పెడుతున్నాడండీ." అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆ రోజు నేనూ మిమ్మల్నే తిట్టాను."

డాక్టరమ్మ మళ్ళీ గదిలోకి వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది. బతుకులో చేసిన సరైన పని ఏదని ఎవరైనా అడిగితే, ఆవిడ ఆ మ్యాచ్ పేరే చెప్పేది.

"తప్పైపోయింది నాన్నా," అంది.

అతను ఆవిడకేసి చూశాడు. "అయితే రాసివ్వండి. నేను బాగానే ఉన్నానని. ఆదివారం మ్యాచ్ ఉంది."

అక్క వచ్చి తమ్ముడి గడ్డం కింద కారిన చొంగ తుడిచింది.

"రాస్తార్లేరా. ముందు ఈ మాత్ర వేసుకో."