కోటయ్య కోటు

నేను ఒక రెయిన్‌కోటును. పసుపుపచ్చ రంగు, మోకాళ్లు దాటే పొడుగు, తలమీదికి లాక్కునే టోపీ, ముందర ప్లాస్టిక్ గుండీలు. మా జాతివాళ్లందరూ కరెంటు స్తంభాల మీదా చేపల రేవుల్లోనూ తడిసి, చిరిగి, చివరికి ఏ షెడ్డు మూలనో బూజు పట్టి పోతారు. నేను మాత్రం వీరుణ్ణయ్యాను. నన్ను చూసి జనం కుర్చీల్లోంచి లేచి ఈలలు వేసిన రోజులున్నాయి. ఆ ఈలలు ఎందుకు ఆగిపోయాయో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. మాకు దారంతో కుట్లుండవు. వేడి ఇనప బద్ద కింద పెట్టి అంచులు అతికిస్తారు. అలా అతికాక బేగంబజారులో ఒక దుకాణం ముందు తాడుకు వేలాడదీశారు. అది మంచి ఎండాకాలం. నావైపు చూసే నాథుడు లేడు. ఒకరోజు మధ్యాహ్నం ఒకామె వచ్చి నన్ను దింపమంది. గుండీలు పెట్టి, తీసి, నా చేతిని తన చెంపకు ఆనించి చూసుకుంది.

"ఎండలల్ల రెయిన్‌కోటేంది అక్కా?" అన్నాడు దుకాణదారు.

"మా హీరోకు," అందామె.

అతను పరాచికమనుకుని నవ్వాడు.

ఆమె పేరు జరీనా. కృష్ణానగర్‌లో సినిమాలకు దుస్తులు కుట్టేది. ఆమెను పంపినవాడు విక్టర్, చీరాల కుర్రాడు. అతనికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. అతని తండ్రి కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. అందుకేనేమో విక్టర్ రాసుకున్న వీరుడు కూడా లైన్‌మ్యానే. పేరు కోటయ్య. తుఫాను రోజు స్తంభమెక్కితే పిడుగు పడుతుంది, చావడు, కరెంటంతా ఒంట్లో చేరుతుంది. ఇక ఆ రోజునుంచి బస్సులెత్తగలడు, మేడలు దూకగలడు. ఒకటే చిక్కు. అతను బలం వాడినప్పుడల్లా ఊళ్లో కరెంటు పోతుంది. ఫ్యాన్లు ఆగుతాయి, మిల్లులు ఆగుతాయి, ఆస్పత్రి చీకటైపోతుంది. ఒకరిని కాపాడబోతే ఇంకొకరి కొంప మునుగుతుంది. ఊరంతా అతన్ని పొగడాలో తిట్టాలో తేల్చుకోలేక రెండూ చేస్తుంది.

మొదట కోటయ్యకు నల్లటి రబ్బరు సూటు చేయించారు. అది తొడుక్కున్న వంశధర్ అనే కొత్త నటుడు కూర్చోలేడు, వంగలేడు. పరీక్షగా ఒక సీను తీస్తుంటే ఉక్కకు సొమ్మసిల్లి పడ్డాడు. విక్టర్ అతని మొహాన నీళ్లు చల్లుతూ, "మా నాన్న వానలో పనికెళితే ఏం వేసుకునేవాడో అదే వేద్దాం జరీనా," అన్నాడు. అలా నేను సినిమాల్లోకి వచ్చాను.

నిర్మాత గద్దె రంగనాయకులుగారు నన్ను తొడుక్కున్న వంశధర్‌ని ఎగాదిగా చూశారు. ఆయనది తెనాలి. బియ్యం మిల్లు నడిపి, సినిమా మోజుతో హైదరాబాదు వచ్చిన మనిషి.

"ఏందయ్యా ఇది? లోకాన్ని కాపాడేవాణ్ణి చూపిస్తానన్నావు. పాల పేకెట్లు వేసేవాడిలా ఉన్నాడే."

"లోకం కాదండి. ఊరు. మా ఊరొక్కటే కాపాడతాడు," అన్నాడు విక్టర్.

ఆయనకు నచ్చలేదు. కానీ మంచి మనిషి, అప్పటికే మాటిచ్చేశారు.

సినిమా చివర్లో వాగులో బస్సు మునిగిపోతుంటుంది. ఎత్తాలంటే కోటయ్యకు కరెంటు కావాలి. అదే సమయానికి ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్డు అద్దాల పెట్టెలో ఉంటుంది. కరెంటు పోతే ఆ బిడ్డ దక్కదు. కోటయ్య నడుంలోతు నీళ్లలో నిలబడి ఎటూ తేల్చుకోలేక ఏడుస్తాడు. అప్పుడు ఊళ్లో షామియానా దుకాణాలవాళ్లు తమ జనరేటర్లను తోపుడు బళ్ల మీద ఆస్పత్రికి చేరుస్తారు. అవి తిరగడం మొదలవగానే గట్టుమీద నుంచి ఊరంతా "ఇంక కానీరా కోటయ్యా" అని అరుస్తుంది. ఆ వాగు నీళ్లు నా జేబుల్లోకి కూడా వచ్చాయి. వంశధర్ పళ్లు నిజంగానే చలికి టకటకలాడాయి.

విడుదల రోజున మేమంతా చీరాల వెళ్లాం. వంశధర్ నన్ను వేసుకునే హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. తెరమీద కోటయ్య బస్సు మీద చెయ్యి వేశాడో లేదో, హాల్లో నిజంగానే కరెంటు పోయింది. విక్టర్ తల పట్టుకున్నాడు. చీకట్లో ఎవరో, "ఒరేయ్ కోటయ్యా, ఇక్కడిది కూడా లాగేశావంట్రా?" అన్నారు. హాలంతా గొల్లుమంది. బయట హాలు జనరేటరు దడదడమని మొదలవగానే జనం లేచి, తెరమీది ఊరివాళ్ల మాదిరే, "కానీరా కోటయ్యా" అని కేకలేశారు. విక్టర్ వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు. నా చేతిని నిమిరాడు. అందులో కొడుకునెంత నిమిరాడో నన్నెంత నిమిరాడో చెప్పలేను.

సినిమా ఆడింది. ఆడటమంటే అట్టా ఇట్టా కాదు. పిల్లలు బళ్లకు ఎండల్లో కూడా పసుపు రెయిన్‌కోట్లు వేసుకుని పోయారు. ఎక్కడైనా కరెంటు పోతే "ఎవరినో కాపాడుతున్నట్టున్నాడు" అనుకోవడం జనానికి అలవాటైంది.

నన్ను మాత్రం తుడిచి, అద్దాల పెట్టెలో పెట్టి, రంగనాయకులుగారి ఆఫీసు గోడకు బిగించారు. నాకు బొట్టు పెట్టారు. పొద్దున్నే ఆయన దేవుడి పటానికి దండం పెట్టి, తర్వాత నాకు పెట్టేవారు. సినిమావాళ్లకు సెంటిమెంట్లెక్కువ. ఏ పని కలిసొచ్చిందో తెలియనప్పుడు కలిసొచ్చిన వస్తువుకు దండం పెట్టడం సులువు.

ఆ గోడమీద నుంచే రెండో భాగం చర్చలు విన్నాను. చుట్టూ కొత్త మనుషులు చేరారు. అందరూ తెలివైనవాళ్లే.

"ఈ కరెంటు పోయే గొడవ తీసేద్దాం సార్. బస్సెత్తే ముందు హీరో ఆగి ఆలోచిస్తుంటే ఊపు పడిపోతోంది," అన్నాడొకడు.

"సూర్యుడి నుంచి లాక్కుంటాడనుకోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు," అన్నాడు ఇంకొకడు.

విక్టర్ కాదనబోయాడు. పెదవి కదలడం నేను చూశాను. ఇంతలో బల్లమీద కొత్త బొమ్మలు పరిచారు. ఓడలు, ఎడారులు, కూలిపోయే వంతెనలు. అంతంత పెద్దవి తన చేతికిస్తామంటే ఏ దర్శకుడికి మనసు జారదు? అతను ఆ బొమ్మలను ఒక్కొక్కటే తీసి చూశాడు. చూసి, "సూర్యుడైతే బాగానే ఉంటుంది," అన్నాడు. ఎవరూ అతని మెడమీద కత్తి పెట్టలేదు.

రెండో భాగం కూడా ఆడింది. జనం మొదటి దానిమీద ప్రేమతో వచ్చారు, రెండోదాన్ని క్షమించి వెళ్లారు. హాలు నిండటమే కనపడింది గానీ, క్షమించడం రంగనాయకులుగారికి కనపడలేదు.

ఇక మూడోదానికి పట్టపగ్గాల్లేవు. కోటయ్య పేరు కేటీ అయింది. ఊరు పోయి లోకం వచ్చింది, లోకం చాలక పక్క గ్రహం వచ్చింది. తోడుగా నీళ్లలో పుట్టిన వీరురాలొకతె, ఇసుకలోంచి లేచే రాక్షసుడొకడు. వాళ్లెవరో తెలియాలంటే ముందుగా ఫోన్లో ఒక ధారావాహిక మొత్తం చూసి రావాలట. సినిమాకు పోవడానికి టిక్కెట్టుతోపాటు చదువు కూడా కావాల్సి వచ్చింది.

ఆ ముహూర్తం రోజున జరీనా ఆఫీసుకొచ్చింది. మెడలో కొలతల టేపు వేసుకుని ఉంది. విక్టర్ ఆమెను పక్కకు తీసుకెళ్లి సరిగ్గా నా కింద నిలబడ్డాడు.

"ఈసారి బట్టలేం లేవు జరీనా. వంశధర్ ఒంటికి చుక్కలంటిస్తారు. డ్రెస్సంతా కంప్యూటర్‌లో వేసుకుంటారు."

"మరి నన్నెందుకు పిలిచిన్రు సార్?"

"పూజకు. నువ్వు లేకుండా ఎట్టా?"

జరీనా మెడలోంచి టేపు తీసి చుట్ట చుట్టుకుంది. "పూజకు పిలిస్తే రానా సార్. పనికి పిలిచిన్రేమో అనుకొని టేపు తెచ్చుకున్న," అంది.

ప్రసాదం తీసుకుని, నావైపోసారి చూసి వెళ్లిపోయింది. విక్టర్ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

మూడో భాగం మొదటి ఆదివారం కూడా దాటలేదు. ఆఫీసులో పెద్ద సమావేశం జరిగింది. కారణాలకేం కొదవ? క్రికెట్ ఉందన్నారు. పరీక్షలన్నారు. ఎండలన్నారు, అంతలోనే ఒక జిల్లాలో వానలన్నారు. ఫోన్లలో సమీక్షలు చెప్పేవాళ్ల నోళ్లు మంచివి కావన్నారు. సినిమా బాగోలేదేమో అన్న అనుమానం మాత్రం ఆ గదిలోకి అడుగు పెట్టలేదు.

జనాన్ని రప్పించడానికి నన్ను ఊరూరా తిప్పుదామని తీర్మానించారు. మొదట చీరాల. విక్టర్ నన్ను సంచిలో పెట్టుకుని వెళ్లాడు. హాలు ముందు వేదిక కట్టారు గానీ ఎదురుగా నిలబడేవాళ్లు లేక కార్యక్రమం మానుకున్నారు. విక్టర్ చేసేది లేక మ్యాట్నీకి టిక్కెట్టు కొనుక్కుని లోపల కూర్చున్నాడు. పక్క కుర్చీలో నన్ను పెట్టాడు. ఆ వరసకు నేనే నిండుదనం.

తెరమీద పక్క గ్రహం పేలిపోతోంది. కేటీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఆపుతున్నాడు. అప్పుడు మా ముందున్న ఒకావిడ లేచి బయటికెళ్లింది. విక్టర్ కూడా నన్ను చంకలో పెట్టుకుని వెనకే వెళ్లాడు. ఆమె వరండాలో నిలబడి తాపీగా వేరుశనగకాయలు ఒలుచుకుంటోంది.

"క్లైమాక్స్ అమ్మా, లేచొచ్చేశారే? బాగోలేదా?" అన్నాడు.

అతనెవరో ఆమెకు తెలియదు. "బాగానే ఉంది బాబూ. రంగులూ అవీ బ్రమ్మాండం. ఇంకాసేపు పట్టుద్దిగా, కాళ్లు లాగుతుంటే ఇట్టా వచ్చా."

"మరి ఆయనకేమవుతుందో చూడరా?"

"ఆయనకేమవుద్ది?" అని ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఏమీ కాదుగా."

అని అతని దోసిట్లో నాలుగు కాయలు పెట్టింది. విక్టర్ అవి తినలేదు, పారేయలేదు. నా జేబులో వేశాడు.

తిరిగి రాగానే ఆ మాట రంగనాయకులుగారికి చెప్పాడు. ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నారు. విని, బల్లమీద చరిచారు.

"నిజమేనయ్యా. ఏమీ కావట్లేదు. అయితే నాలుగో దాంట్లో చంపేద్దాం."

"చంపేసి?"

"ఐదో దాంట్లో లేపుదాం. ఎట్టా లేపాలో నువ్వు చూడు."

విక్టర్ లేచి నిలబడ్డాడు. కోపం లేదు అతని మొహంలో. "నా వల్ల కాదండి. తప్పంతా మీదే అనను. ఆ సూర్యుడికి తల ఊపింది నేనే," అన్నాడు. ఆయన చేతులు రెండూ పట్టుకుని సెలవు తీసుకున్నాడు. రంగనాయకులుగారు, "పోయిరా, కోపం తగ్గాక రా," అన్నారు. ఎవరికి కోపమొచ్చిందనుకున్నారో మరి.

నాలుగో భాగం వేరేవాళ్లు తీశారు. కోటయ్య చచ్చిపోయాడు. వంశధర్ పాపం చాలా బాగా చచ్చిపోయాడట, చుక్కలంటించుకుని కూడా. కానీ హాలు బయటే ఐదో భాగం బోర్డు కట్టి ఉంది. వంశధర్ దాన్లో చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. ఆ బోర్డు కింద నుంచి లోపలికెళ్లినవాళ్లు ఎట్టా ఏడుస్తారు? ఏడవలేదు. ఆ తర్వాత ఆఫీసుకు మనుషులు రావడం తగ్గింది. నాకు బొట్టు పెట్టడం మాత్రం ఆయన మానలేదు.

ఈలోగా విక్టర్ చిన్న సినిమా ఒకటి తీశాడని విన్నాను. బావుల్లో పడిపోయిన మోటార్లను మునిగి తీసే ఒక అమ్మాయి కథ. ఆమెకు ఏ శక్తులూ లేవు. ఊపిరి ఎంతసేపు బిగబట్టగలదో అంతే. ఆమె వేసుకునే రెండు జతల బట్టలూ జరీనాయే కుట్టిందట.

ఒక ఆదివారం మధ్యాహ్నం రంగనాయకులుగారు ఒంటరిగా ఆఫీసుకొచ్చి, కాళ్లు టీపాయి మీద చాపుకుని, ఫోన్లో ఆ సినిమా పెట్టుకున్నారు. పైనుంచి నాకూ సగం కనపడింది. మొదట్లో ఆయన మధ్యమధ్య టీ తాగారు. ఆ అమ్మాయి పాడుబడ్డ పెద్ద బావిలోకి దిగేసరికి టీ పక్కన పెట్టేశారు. గట్టుమీద తమ్ముడు పట్టుకున్న తాడు కదలడం ఆగిపోయేసరికి కాళ్లు కిందికి దించారు. తర్వాత లేచి నిలబడ్డారు. ఆ అమ్మాయి తల నీళ్ల పైకి వచ్చాక కూర్చుని, కళ్లజోడు తీసి, పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. కళ్లజోడుకు అంత మురికేమీ లేదు.

వెంటనే విక్టర్‌కి ఫోన్ చేసి స్పీకరు పెట్టారు.

"విక్టరూ, నేనయ్యా. ఆ పిల్ల బావిలో దిగింది చూడు, నా గుండె ఆగినంత పనైంది. మన సినిమాలన్నీ నేను కూర్చునే చూశాను. దీనికి లేచి నిలబడ్డానయ్యా."

"చాలా సంతోషమండి," అన్నాడు విక్టర్ మెల్లగా.

"జరీనా బాగుందా?"

"బాగుందండి. ఇక్కడే ఉంది, మిషను మీద."

"నేనడిగానని చెప్పు."

ఆయన గొంతులో అంత మెత్తదనం మొదటి సినిమా రోజుల తర్వాత మళ్లీ అప్పుడే విన్నాను. ఇప్పటికి ఈయనకు తెలిసొచ్చిందనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, కుర్చీ ముందుకు లాక్కున్నారు.

"సరేగాని, రెండో భాగం ఎప్పుడు మొదలుపెడదాం?"

"రెండో భాగం లేదండి. ఆ పిల్ల కథ అక్కడితో అయిపోయింది."

"అయిపోవడమేందయ్యా," అన్నారు రంగనాయకులుగారు నిజమైన దిగులుతో. "బతికే బయటికొచ్చిందిగా?"

ఫోన్లోంచి విక్టర్ నవ్వు వినిపించింది. వెనకాల మిషను ఆగి, జరీనా నవ్వు కూడా కలిసింది. రంగనాయకులుగారు ఫోన్ వైపు ఒకసారీ నా వైపు ఒకసారీ చూసి, ఎందుకో తెలియకుండానే తనూ నవ్వడం మొదలుపెట్టారు.